వాలు నేల మీద మొదటి పెళ్లి

ఎల్లారెడ్డిలో మా చంద్రకళ ఫంక్షన్ హాల్‌కు కొత్త మేనేజర్‌గా వచ్చిన శ్రావణి మొన్న మా ఇంటికి వచ్చింది. హోటల్ మేనేజ్‌మెంట్ చదువుకున్న పిల్ల. చాయ్ తాగి, "అంకుల్, మీరు ఇన్నేండ్లు గా హాల్లనే పని చేసిన్రు గద. నాకు అక్కరకొచ్చేటియి జర రాసియ్యుర్రి" అని అడిగింది. లైట్లు, జనరేటర్, వంటగది శుభ్రం, ఇవన్నీ నాకంటే ఆమెకే బాగా తెలుసు. అందుకని వాటి జోలికి పోకుండా మనుషుల గురించి రాస్తున్నాను. ఈ పనిలో మిగతావన్నీ చెప్పినట్టు వింటాయి. వినంది మనుషులే.

ఇప్పటి పిల్లలకు తెలియదు గానీ ఆ హాలు మొదట సినిమా టాకీసు. నేను దానికి మేనేజర్‌ని. ఆ మాట చెప్పగానే ఎవరైనా అడిగే మొదటి ప్రశ్న, "ఏ హీరోను చూసినవ్?" అని. ఒక్కణ్ణీ చూడలేదు. నేను చూసింది చీకట్లో చెప్పు పోగొట్టుకున్నవాళ్లను, పక్కవాడి మోచేయి తగులుతోందని ఫిర్యాదు తెచ్చినవాళ్లను, ఆట మొత్తం నిద్రపోయి లేచి "నాకు మల్ల ఏయుర్రి" అని పట్టుబట్టినవాళ్లను. సినిమాలు కూడా నేను ముక్కలుగానే చూశాను. ఎన్నో సినిమాల్లో దొంగ ఎవరో నాకు ఇప్పటికీ తెలియదు.

పటేల్ కుర్చీ

మాది రాజంపేట. చదువు అంతంతమాత్రంగా సాగితే కామారెడ్డిలో ఒక టాకీసులో గేటు దగ్గర పనికి కుదిరాను. ఒకరోజు తెల్లటి ధోతీ కట్టుకున్న పెద్దమనిషి ఒకాయన అత్తగారి వాళ్లతో కలిసి సినిమాకు వచ్చాడు. ఆయన కుర్చీ సరిగ్గా స్తంభం వెనక పడింది. మార్చమని అడిగితే మా మేనేజర్ వినలేదు. నాకు జాలేసి, గేటు దగ్గరి నా స్టూలు తీసుకెళ్లి నడవలో వేశాను. ఆట అయిపోయాక ఆయన నా దగ్గరకు వచ్చి, "స్టూలు ఇయ్యకముందు నేను సగం హీరోయిన్‌నే చూసిన. అత్తగారోళ్ల ముందట ఇజ్జత్ పోయింది. కంబం లేని టాకీసు కడ్త, వస్తవా?" అన్నాడు.

కోపంలో అన్న మాట అనుకున్నాను. ఆయన నిజంగానే కట్టాడు. ఎల్లారెడ్డి పక్క పల్లెలో భూములున్న వెంకట్రామ్ రెడ్డి పటేల్ ఆయనే. హాలుకు తల్లి పేరు పెట్టి, లోపల ఒక్క స్తంభం కూడా లేకుండా కట్టించి, నన్ను మేనేజర్‌గా పిలిపించాడు.

మా పటేల్ మొండి మనిషి. ఏ వస్తువూ కూలి కింద పడేదాకా బాగు చేయించడు. కాదన్న మాట ఆయన చెవికి వినబడదు. అయినా ఈ వృత్తిలో నాకు అసలు విద్య నేర్పింది ఆయనే. అంత ముచ్చటపడి కట్టిన టాకీసులో ఆయన ఒక్క సినిమా కూడా చూడలేదు. తెర పక్కన మూలకు కుర్చీ వేసుకుని, తెరకు వీపు పెట్టి, జనాన్ని చూస్తూ కూర్చునేవాడు. కొత్తవాళ్లు ఆయన్ని మఫ్టీలో ఉన్న పోలీసు అనుకునేవాళ్లు. ఇద్దరు ముగ్గురు కుర్రాళ్లయితే, "గా పెద్దమనిషి మమ్ముల్నే సూస్తుండు, నవ్వుదామన్నా భయమైతుంది" అని నాతో మొరపెట్టుకున్నారు.

నేను ఒకసారి అడిగాను. "గట్ల కూసుంటే ఏం కనవడ్తది పటేలా?"

"తెర మీదిది రోజూ గదేనాయె. గీ మొఖాలు రోజుకొక తీరుంటయి. నువ్వు గూడ జర నేర్సుకో. లొల్లి అయ్యేముందు నోర్లు లేవయిరా, మెడలు తిరుగుతయి. మెడలు తిరిగినప్పుడే పోయి నిలబడు."

శ్రావణీ, ఇది నిజం. నీ సీసీ కెమెరాలు గొడవ అయ్యాక చూపిస్తాయి. మెడలు ముందే చూపిస్తాయి.

లింగంపేట దగ్గర ఆగిన సినిమా

అప్పట్లో ఒకే సినిమా పెట్టెలను కామారెడ్డి, ఎల్లారెడ్డి హాళ్లు పంచుకునేవి. అక్కడ మొదటి సగం అయిపోగానే ఆ రీళ్లు బస్సులో మాకు వచ్చేవి. మేము అది నడిపేలోపు రెండో సగం వచ్చేది. ఒకరోజు అత్తాకోడళ్ల సినిమా పడింది. హాలు నిండా ఆడవాళ్లే. అత్త కోడలిని అర్ధరాత్రి వానలో బయటకు గెంటిన చోట మొదటి సగం అయిపోయింది. ఇంటర్వెల్ కూడా అయిపోయింది. రెండో సగం రాలేదు. లింగంపేట దగ్గర బస్సు చెడిపోయిందని కబురు వచ్చింది.

పటేల్, "మొదటి సగమే మల్ల ఏయి. ఎవలు గుర్తువడ్తరు?" అన్నాడు. మా ఆపరేటర్ ఖాజా భాయ్ చెంపలు వాయించుకున్నాడు. "తోబా తోబా! గా కోడల్ని మల్ల ఇంట్ల నుంచి ఎల్లగొట్టాల్నా సాబ్? ఆడోళ్లు నా మిషన్ పలగ్గొడ్తరు."

నేను తెర ముందుకు వెళ్లి ఉన్నది ఉన్నట్టు చెప్పాను. ఒక నిమిషం గోల, ఈలలు. అప్పుడు ముందు వరుసలోంచి సాయవ్వ లేచింది. హాలు బయట గంపలో గుడాలు అమ్మే ముసలామె. పొద్దునే ఉడకబెట్టిన శనగలు మధ్యాహ్నానికల్లా అమ్ముకుని, మిగిలిన పొద్దంతా సినిమా చూసేది.

"నేను మా బిడ్డ తాన కామారెడ్డిల సూసిన. మిగిలింది నేను జెప్త, ఊకోర్రి!"

స్టేజీ ఎక్కి కథ ఎత్తుకుంది. కోడలు బయటికి పోయి బర్రెను కొని, పాలు అమ్మి, ఇల్లు కట్టింది. అత్తకు పూట గడవక ఆ ఇంటికే వచ్చి బువ్వ పెట్టమని అడిగింది. "పెడ్త గనీ అత్తా, ముందుగాల గా గంపెడు ఎల్లిగడ్డ పొట్టు దీయి" అంది కోడలు. అత్త కళ్లల్లో నీళ్లు పెట్టుకుంటూ వెల్లుల్లి వొలుస్తున్న తీరు సాయవ్వ నటించి చూపిస్తుంటే హాలు దద్దరిల్లింది. చప్పట్లు, ఈలలు. అత్తలు కూడా నవ్వారు.

అంతలోకే పెట్టెలు వచ్చాయి. రెండో సగం వేశాం. అసలు సినిమాలో బర్రె లేదు, గంప లేదు. అత్త కోడలి కాళ్లు పట్టుకోగానే కోడలు క్షమించేసింది. జనం భగ్గుమన్నారు. "గిదేంది? ఎల్లిగడ్డ ఏది? కోసేసిన్రా?" అని నా గది మీదికి వచ్చారు. ఖాజా భాయ్ పైనుంచి తొంగి చూసి, "నేనేం కోయలే! అల్లా కసం!" అని అరుస్తూనే ఉన్నాడు. సాయవ్వను నిలదీస్తే, "నేను జెప్పిందే మంచిగుంది గద, దానికేంది?" అంది.

నాకు అర్థమైంది ఒకటి. ఆలస్యమైతే జనం ఓర్చుకుంటారు. ఎందుకు ఆలస్యమైందో చెప్పకపోతే ఓర్చుకోరు. పెళ్లిలో వంట ఆలస్యమైనా, పెళ్లికొడుకు బస్సు రాకపోయినా, మైకు తీసుకుని నిజం చెప్పు. మధ్యలో ఏం చెప్పి నడిపించాలో చుట్టాల్లో ఎవరో ఒక సాయవ్వ చూసుకుంటుంది.

టాకీసు ఆగిపోయింది

తర్వాత రోజులు మారాయి. ఇంటింటికీ టీవీ వచ్చింది, చేతికి ఫోన్ వచ్చింది, కామారెడ్డిలో ఏసీ హాళ్లు వచ్చాయి. చివరి రోజుల్లో మధ్యాహ్నం ఆటకు ఎండ తప్పించుకోవడానికి వచ్చేవాళ్లే ఎక్కువ. ఒకరోజు ఖాజా భాయ్ పైనుంచి దిగి వచ్చి, "లోపల మనుషులకన్నా మ్యాకలే ఎక్కువున్నయి సాబ్. వాటికి ఏస్తున్ననా నేను?" అన్నాడు. తలుపు తీసి ఉంటే మేకలు నీడకు వచ్చి నడవలో పడుకున్నాయి. అవైనా మాట్లాడకుండా చూస్తున్నాయి.

పటేల్ ఆ వారమే ఆటలు ఆపేశాడు. వడ్ల గోదాముకు అడిగినవాళ్లు ఉన్నారు, బడి పెడతామని అడిగినవాళ్లు ఉన్నారు. ఆయన ఎవరికీ ఇవ్వలేదు. కొన్నాళ్లు ఇంట్లో కూర్చున్నాడు. ఇంట్లో ఉన్న ముఖాలు తప్ప చూడటానికి వేరేవి లేక విసిగిపోయి, నన్నూ ఖాజా భాయ్‌నీ పిలిపించాడు.

"ఫంక్షన్ హాల్ జేద్దాం. మంది వస్తరు. మీరిద్దరు బేఫికర్‌గ ఉండుర్రి, మీ కొలువులు ఏడికి పోవు. గనీ బాల్కనీ తీయొద్దు, నేల సదును జేయొద్దు."

టాకీసు నేల వెనక ఎత్తుగా, తెర వైపు పల్లంగా ఉంటుంది. ఆ వాలు మీద పెళ్లిభోజనం ఎట్లా పెడతాం అని అడిగాను. "వాలు దీస్తే ఎనుకున్నోళ్లకు పెండ్లి ఎట్ల కనవడ్తది?" అన్నాడు. చెప్పాను కదా, కాదన్న మాట ఆయనకు వినబడదు. తెర ఉన్న స్టేజీ పెళ్లి మండపం అయింది. టికెట్లు అమ్మిన గది పెళ్లికూతురి గది అయింది. టికెట్ ఇచ్చే కంత మాత్రం మూయకుండా మిగిలిపోయింది.

మొదటి పెళ్లి

మొదటి పెళ్లికి ఒప్పుకున్నది పక్క ఊరి రైతు రాజయ్య. బిడ్డ పేరు స్వప్న. పెళ్లికొడుకుది బీర్కూర్. ఆ రోజు బాగా జరగకపోతే మా హాల్‌కు రెండో పెళ్లి రాదని నాకు తెలుసు. రెండో పెళ్లి రాకపోతే నాకూ ఖాజా భాయ్‌కీ పని లేదని కూడా తెలుసు.

తప్పు మా పటేల్ దగ్గరే మొదలైంది. బాల్కనీ అంటే మర్యాద అని ఆయన నమ్మకం. పెళ్లికొడుకు తరఫువాళ్లను దగ్గరుండి బాల్కనీ ఎక్కించాడు. వాళ్లూ మొదట గొప్పగానే ఎక్కారు. కూర్చున్నాక తెలిసింది, పైనుంచి చూస్తే మండపం మీది గుడ్డ తప్ప ఏమీ కనిపించదని. టిఫిన్లు కూడా మెట్లెక్కి చివరగా చేరాయి, అది కూడా చట్నీ లేకుండా. ముహూర్తానికి ఇంకా చాలా సమయం ఉంది. అందరికీ తీరిక ఉంది. తీరిక ఉన్న చుట్టాలను మించిన ప్రమాదం లేదు.

పెళ్లికొడుకు మేనమామ హన్మాండ్లు పెద్ద మీసాల మనిషి. తనవాళ్లందరినీ వెంటబెట్టుకుని కిందికి దిగి వచ్చాడు.

"లేవుర్రి, లేవుర్రి. పిలగాని దిక్కోళ్లం, ముందట మేం కూసోవాలె."

ముందు వరుసల్లో కూర్చున్నవాళ్లు అమ్మాయి తరఫు. టాకీసు రోజుల్లో అది నేల టికెట్టు చోటు. తమను నేలకు తోశారని వాళ్లు అప్పటికే లోపల ఉడుకుతున్నారు. రాజయ్య తమ్ముడు లేచాడు.

"మీకు బాల్కనీ ఇచ్చినం. మాకు నేలనే మిగిలింది. గా నేల గూడ గుంజుకుంటరా?"

"బాల్కనీ నువ్వే పెట్టుకో! పెండ్లి కనవడని బాల్కనీ ఎవలికి గావాలె?"

"గట్లయితే పెండ్లి గూడ మీరే పెట్టుకోర్రి!"

ఆ మాట అన్నాక అన్నవాడికే భయమేసింది. స్తంభం లేని హాలు, ఎక్కడ ఏం మాట్లాడినా అందరికీ వినిపిస్తుంది. హన్మాండ్లు స్టేజీ వైపు తిరిగి, "లెవ్వు రా, బస్సు కాడికి పోదాం" అన్నాడు. పీటల మీదున్న పెళ్లికొడుకు సగం లేచి, అమ్మ వైపు చూసి కూర్చున్నాడు. మామ వైపు చూసి మళ్లీ సగం లేచాడు. రాజయ్య చేతులు జోడించి ఎవరి దగ్గరకు పోవాలో తెలియక మధ్యలో నిలబడ్డాడు. టికెట్ కంతలోంచి రెండు కళ్లు కనిపించాయి. బాసికం కట్టుకున్న స్వప్న లోపలినుంచి అంతా చూస్తోంది. ఆ అమ్మాయిని ఇటువాళ్లు గానీ అటువాళ్లు గానీ ఒక్క మాట అడగలేదు.

మండపం పక్కన కుర్చీ వేసుకున్న పటేల్ నా వైపు చూసి, "మెడలు తిరిగినయిరా మల్లేశం" అన్నాడు. మెడలు తిరిగి చాలాసేపు అయింది.

సర్దిచెబుదామంటే ఎవరికి చెప్పాలి? ఇద్దరి మాటలోనూ న్యాయం ఉంది. ఎవరిని లేపినా రెండోవాళ్లు గెలిచినట్టే. అందరినీ ఒకేసారి లేపాలి. ఆ ఆలోచన రాగానే మెట్లెక్కి, పాత మిషన్ గదిలో లైట్లు చూసుకుంటున్న ఖాజా భాయ్ దగ్గరకు పరుగెత్తాను.

"భాయ్, ఇంటర్వెల్ గంట ఉన్నదా?"

"పటేల్ సాబ్ ఊడదీయమన్నడు. నాకు మనసొప్పలే."

"కొట్టు. లైట్లన్నీ ఎయ్యి."

గంట మోగింది. నేను మైకు అందుకుని, "ఇంటర్వెల్! బయట చాయ్, మిర్చి బజ్జీలు ఉన్నయి!" అన్నాను.

ఒక్కరు కూడా ఆలోచించలేదు. ఆడవాళ్లు పిల్లలను చంకనేసుకున్నారు. మగవాళ్ల చేతులు బీడీల కోసం జేబుల్లోకి పోయాయి. అటువాళ్లూ ఇటువాళ్లూ కలిసి తలుపుల వైపు నడిచారు. పెళ్లికొడుకు కూడా లేవబోతే పంతులు భుజం పట్టుకుని కూర్చోబెట్టాడు. హన్మాండ్లు చెయ్యెత్తి ఏదో అనబోయి వెనక్కి చూశాడు. వినేవాళ్లు లేరు. కాసేపు నిలబడి ఆయనా బయటికి పోయాడు.

బయట చాయ్ లేదు, బజ్జీలూ లేవు. వంటాయన దగ్గరకు పరుగెత్తి విషయం చెబితే, "పప్పుల తాలింపు ఏస్తున్న, ఇప్పుడు బజ్జీలేంది!" అని గరిటె ఎత్తాడు. నేను పొయ్యి మీది పప్పు గిన్నె దింపించి చాయ్ పెట్టించాను. లోపల ఖాజా భాయ్, నేను, పటేల్ కుర్చీలు సర్దాం. రెండు వైపులు అన్నది లేకుండా మండపం చుట్టూ వంపుగా వేసి, బాల్కనీ మెట్లకు తాడు కట్టాం.

"నా బాల్కనీ మూస్తవారా?" అన్నాడు పటేల్.

"పటేలా, జర గమ్మునుండి గా కుర్సీ అందుకో."

ఆయనతో నేను అట్లా మాట్లాడింది అదే మొదలు. ఆయన నిజంగానే కుర్చీ అందుకున్నాడు.

మళ్లీ గంట కొట్టేసరికి జనం చాయ్ గ్లాసులతో వచ్చి దొరికిన చోట కూర్చున్నారు. బయట రాజయ్య తమ్ముడి దగ్గర బీడీ ఉండి అగ్గిపెట్టె లేదట. హన్మాండ్లు దగ్గర అగ్గిపెట్టె ఉండి బీడీ లేదట. ఇద్దరూ పక్కపక్కనే కూర్చుని, "మీ దిక్కు బోర్లు పోస్తున్నయా?" "ఏడ పోస్తున్నయి, గాలే వస్తుంది" అని మాట్లాడుకుంటున్నారు. ముహూర్తానికి జీలకర్ర బెల్లం పెట్టించారు. అందరికీ కనిపించింది.

శ్రావణీ, కూర్చున్న చోట గొడవ తీర్చాలని చూడకు. కుర్చీ కింద ఉన్నంతసేపు ఎవడూ మాట వెనక్కి తీసుకోడు. లేపు. చాయ్ నిజంగా ఉంటే ఇంకా మంచిది.

భోజనాలు, అప్పగింతలు

భోజనాల దగ్గర వాలు తన పని తాను చేసింది. బల్లలు పై నుంచి కిందికి వేశారు. పైన వడ్డించిన చారు విస్తరి దాటి, పక్కవాడి అన్నం పలకరించి, కిందికి బయలుదేరింది. లడ్డూలు ఒక్కొక్కటే దొర్లడం మొదలుపెట్టాయి. కింది చివర కూర్చున్న పంతులు తన ముందుకు వచ్చిన లడ్డూ ఎవరిదో అడగకుండా స్వీకరించాడు. జనం కోప్పడతారనుకున్నాను. కిందివాళ్లు, "పైకి జర ఎక్కువ ఎయ్యుర్రి!" అని వడ్డించేవాళ్లను బతిమాలుకుంటుంటే పైవాళ్లు విస్తర్లకు చేతులు అడ్డుపెట్టి నవ్వుతున్నారు. ఖాజా భాయ్ బల్లల కాళ్ల కింద చెక్కముక్కలు పెడుతూ తిరిగాడు. మరుసటి పెళ్లి నుంచి బల్లలు అడ్డంగా వేశాం. మరుసటి పెళ్లి వచ్చింది. అక్కడి నుంచి వస్తూనే ఉన్నాయి.

ఆ సాయంత్రం అప్పగింతలయ్యాయి. రాజయ్య ఏడ్చాడు, తమ్ముడు అంతకంటే గట్టిగా ఏడ్చాడు. బ్యాండు మొదలైంది. పూలు కట్టిన కారు తలుపు తీసి పట్టుకున్నారు. స్వప్న కళ్లు తుడుచుకుంటూ గేటు దాకా వచ్చి నా ముందు ఆగింది.

"మేనేజర్ సాబ్, బువ్వ తిన్నరా?"

"తింట తల్లీ. నువ్వు పైలంగ పోయి రా."

"తిన్నరా అని అడుగుతున్న. పొద్దట్నించి గా కంతల నుంచి సూస్తున్న, ఉరుకుతనే ఉన్నరు."

ఆ అమ్మాయితో అబద్ధం చెప్పబుద్ధి కాలేదు. "లేదు బిడ్డా" అన్నాను.

ఆమె వెనక్కి వచ్చి గేటు పక్కన కుర్చీలో కూర్చుంది. "ఈయన తిన్నంకనే కారెక్కుత."

బ్యాండు ఆగిపోయింది. పెళ్లికొడుకు, ఈసారి ఎవరి వైపూ చూడకుండా, వచ్చి ఆమె పక్కన నిలబడ్డాడు. హన్మాండ్లు జనాన్ని తోసుకుంటూ వచ్చి, "మల్లేమైంది?" అని అడిగి, సంగతి విని, గిర్రున తిరిగి వంటగదిలోకి పోయాడు. ఒక చేత్తో విస్తరి, ఇంకో చేత్తో పప్పు బకెట్ పట్టుకుని వచ్చాడు. నన్ను కూర్చోబెట్టాడు.

రెండు ఊళ్ల జనం చుట్టూ నిలబడి చూస్తున్నారు. గబగబా ముద్దలు మింగుతున్నాను.

"నిదానంగ తినుర్రి" అంది పెళ్లికూతురు.

హన్మాండ్లు గరిటె నిండా ముంచి నా మీదికి వంగాడు. "పప్పు ఇంకింత ఎయ్యన్నా?"

వేయమన్నాను.